రోజుకు ఒకటిన్నర ఆంపియర్-గంట: నిలబెట్టిన కారు బ్యాటరీకి 20 వాట్ల ప్యానెల్

2023 డిసెంబర్ మొదటి వారంలో మాస్టారు ఫోన్ చేశారు. "అబ్బాయ్, కారు మళ్లీ పలకట్లేదు. తాళం తిప్పితే టిక్కుమంటోంది, అంతే." తాడేపల్లిగూడెంలో రిటైరైన లెక్కల మాస్టారు ఆయన. డెబ్భై దాటారు. చిన్న పెట్రోల్ కారు, 35 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీ, మూతలు విప్పి నీళ్లు పోసుకునే రకం. అంతకు ముందు ఏడాదిలోనే ఆ కారును మూడుసార్లు జంప్ చేసి లేపాను. నాలుగోసారి కూడా వైర్లు తగిలించి లేపి డబ్బులు తీసుకుని వచ్చేయడం నాకు నచ్చలేదు. ఈసారి బ్యాటరీని విప్పి షాపుకు తెచ్చాను. అప్పటినుంచి దాదాపు రెండేళ్లు ఈ కారును వదలకుండా చూసుకుంటూ, కొలిచిన ప్రతి అంకెనూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ రాతలోంచే ఇదంతా.

ముందు పాత చరిత్ర. కారుతో వచ్చిన మొదటి బ్యాటరీ 2020 లాక్‌డౌన్‌లో పోయింది. ఆ ఏడాది మార్చి 25న అన్నీ మూతపడి, మళ్లీ షాపు తెరిచేసరికి నా దగ్గర ఛార్జింగ్‌కు వరసగా పేర్చిన బ్యాటరీల్లో ఆయనదీ ఒకటి. అది లేవలేదు. రెండోది ఏడాదిన్నరకే చేతులెత్తేసింది. మూడోది 2022 మార్చిలో కొన్నారు. అమ్మినవాళ్లను వారంటీ అడిగితే "పూర్తిగా దిగిపోయేదాకా వదిలేశారు, ఇది బ్యాటరీ లోపం కాదు" అన్నారట. మాస్టారికి కోపం వచ్చింది గానీ, వాళ్ల మాటలో నిజముంది.

ఆ మూడో బ్యాటరీయే నా బెంచి మీదకు వచ్చింది. తెచ్చినప్పుడు 10.9 వోల్టులు. మూడున్నర ఆంపియర్ల మీద రాత్రంతా ఛార్జి పెట్టి, మర్నాడంతా ఊరికే ఉంచి కొలిస్తే 12.42. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌తో చూస్తే ఐదు సెల్లులు 1.220, 1.225 మధ్య, ఒకటి మాత్రం 1.205. మన వేడి ప్రాంతాల బ్యాటరీల్లో నిండా ఛార్జి అయినప్పుడు యాసిడ్ 1.240 నుంచి 1.260 దాకా చూపించాలి. అంటే ప్లేట్ల మీద కొంత సల్ఫేట్ గట్టిపడిపోయింది. బ్యాటరీ దిగుతున్నప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా సీసపు సల్ఫేట్ పొరలా పడుతుంది. అప్పుడే ఛార్జి పెడితే అది మళ్లీ యాసిడ్‌లోకి కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే ఆ పొర పెద్ద పలుకులుగా గట్టిపడుతుంది. ఆ తరవాత ఎంత ఛార్జి పెట్టినా కొంత భాగం తిరిగి రాదు. కారులో బిగించి సెల్ఫ్ కొట్టి చూస్తే వోల్టేజి 9.9 దాకా పడి ఆగింది. 9.6 కంటే కిందికి పోతే మార్చేయమనేవాణ్ణి. కొంత దెబ్బతింది గానీ పనికొస్తుంది అన్నమాట.

కారు నిద్రపోయాక

ఛార్జి పెట్టి ఇచ్చేస్తే మళ్లీ ఇదే కథ. అసలు కరెంటు ఎక్కడికి పోతోందో చూడాలి. ఈ పని ఇంటి దగ్గర కారు ఎలా నిలబెడతారో అలాగే ఉంచి చేయాలి. బానెట్ ఎత్తి, డోరు గొళ్లేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసి (తలుపు పడిందని కారు అనుకోవాలి కదా), లాక్ చేసి, నెగటివ్ టెర్మినల్‌కూ కేబుల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి కూర్చున్నాను. మీటరు పెట్టగానే 1.8 ఆంపియర్లు. రెండు నిమిషాలకు 180 మిల్లీఆంపియర్లు. ఇక్కడే చాలామంది తొందరపడి "బాబోయ్, ఇంత లీకా" అంటారు. కారులోని కంప్యూటర్లు ఒక్కొక్కటే పడుకోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా తలుపు తీయకూడదు, రిమోట్ నొక్కకూడదు. అమ్మగారు కాఫీ తెచ్చి తాగమన్నారు. తాగేసరికి అంకె 62 దగ్గర నిలిచింది.

నిద్రపోతున్న కారు 20 నుంచి 50 మిల్లీఆంపియర్లు తీసుకోవడం మామూలే. గడియారం, అలారం, రిమోట్ తాళం, కంప్యూటర్ జ్ఞాపకం, వీటన్నిటికీ ఆ కాస్త కావాలి. 62 కొంచెం ఎక్కువ. ఫ్యూజులు ఒక్కొక్కటే లాగి చూస్తే ఒకదాని దగ్గర 62 కాస్తా 31కి దిగింది. ఆ ఫ్యూజుకు తగిలించి ఉన్నది తరవాత పెట్టించిన జీపీఎస్ ట్రాకర్.

"అది మావాడు పెట్టించాడు" అన్నారు మాస్టారు. కొడుకు డాలస్‌లో ఉంటాడు. రెండేళ్ల కిందట మాస్టారు ఒంటరిగా రాజమండ్రి ఆస్పత్రికి వెళ్తూ దారిలో కారు ఆగిపోయి, ఫోన్ ఛార్జింగ్ అయిపోయి, మూడు గంటలు ఎవరికీ దొరకలేదట. అప్పటినుంచి నాన్న ఎక్కడున్నారో ఫోన్‌లో కనబడాలని పట్టుబట్టి పెట్టించాడు. దాన్ని తీసేయండి అని నేను ఎలా చెప్పను? చెప్పలేదు. ఆ ట్రాకర్ ఉండాల్సిందే అనుకుని మిగతా లెక్క వేసుకున్నాం.

మాస్టారి కాగితం

ఈ లెక్క మాస్టారే వేశారు, తన డైరీ వెనక పేజీలో. 62 మిల్లీఆంపియర్లంటే 0.062 ఆంపియర్లు. రోజుకు 24 గంటలు. గుణిస్తే 1.49 ఆంపియర్-గంటలు (ఒక ఆంపియర్ గంటసేపు పారితే ఒక ఆంపియర్-గంట). బ్యాటరీ తనంత తానుగా కోల్పోయేది వేరే ఉంటుంది. ఈ పాత రకం బ్యాటరీలు మన వేడికి నెలకు పది శాతం దాకా కోల్పోతాయి. పది డిగ్రీల వేడి పెరిగితే ఆ నష్టం దాదాపు రెట్టింపు. దానికి రోజుకు 0.1 వేసుకున్నాం. మొత్తం రోజుకు 1.6. కొత్త 35 ఏహెచ్ బ్యాటరీని 1.6తో భాగిస్తే ఇరవైరెండు రోజులు. ఆయన తలెత్తి చూశారు. "కొత్తలో మూడు వారాలు ఆగేది, ఇప్పుడు పదిహేను రోజులకే పోతోంది. సరిపోయింది లెక్క" అన్నారు. బ్యాటరీ పాతబడి దాని కడుపు తగ్గిపోయింది, లీకు మాత్రం అంతే ఉంది.

ఇక్కడ ఒక్క విషయం మీద కాసేపు ఆగుతాను. మా షాపుకు వచ్చేవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమంది అనే మాట అది. "వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతున్నామండీ, అయినా దిగిపోతోంది." మాస్టారూ అదే చేసేవారు. ప్రతి ఆదివారం ఉదయం, పేపరు చదువుతూ, కారు పోర్టికోలోనే ఇంజిన్ నడిపేవారు. లెక్క చూడండి. చిన్న కారు సెల్ఫ్ దాదాపు 150 ఆంపియర్లు లాగుతుంది గానీ రెండు సెకన్లే. అంటే 300 ఆంపియర్-సెకన్లు. దాన్ని 3600తో భాగిస్తే 0.083 ఆంపియర్-గంట. ఒక్క స్టార్టుకు ఖర్చు ఇంతే! కారు ఊరికే నిలబడి ఒక్క రోజులో పోగొట్టుకునేదానితో పద్దెనిమిదిసార్లు సెల్ఫ్ కొట్టొచ్చు. సెల్ఫ్ బ్యాటరీని తినేస్తుందని అందరూ భయపడతారు. తినేది నిలబడటమే.

మరి ఆదివారం పది నిమిషాలు? ఐడిలింగ్‌లో డైనమో ఇంజిన్ కంప్యూటర్‌కూ, పెట్రోల్ పంపుకూ, ఫ్యానుకూ ఇవ్వగా బ్యాటరీకి మిగిలేది ఆరో ఎనిమిదో ఆంపియర్లు. ఎనిమిదే అనుకున్నా పది నిమిషాలకు 1.3 ఆంపియర్-గంటలు. వారంలో పోయింది 11. పదకొండు రూపాయలు అప్పుండగా ఆదివారం ఆదివారం రూపాయి పావలా కడుతున్నట్టు. పైగా చల్లటి ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి ఆపేస్తే సైలెన్సర్‌లో పట్టిన తేమ పూర్తిగా ఆరదు. నడిపితే నలభై నిమిషాలు రోడ్డు మీద నడపాలి. డెబ్భై దాటిన మనిషిని వారం వారం అలా తిరగమనడం సరికాదు. ఏడాదిలో ఐదారు నెలలు వాళ్లు ఊళ్లోనే ఉండరు కూడా.

అప్పటికే కొన్న ప్యానెల్

కొడుకు ఇంతకు ముందే ఆన్‌లైన్‌లో ఒక సోలార్ ప్యానెల్ తెప్పించి పంపాడు. డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునేది, ఒకటిన్నర వాట్లు, చివర సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే ప్లగ్గు. మాస్టారు దాన్ని శ్రద్ధగా పెట్టుకున్నారు, ఆరు నెలలు. దాని మీద ఎర్ర దీపం కూడా వెలిగేది. కానీ ఒక్క చుక్క కరెంటు బ్యాటరీకి చేరలేదు.

ఈ కారులో తాళం తీసేస్తే లైటర్ సాకెట్‌కు బ్యాటరీతో సంబంధం తెగిపోతుంది. చాలా కార్లలో అంతే. తాళం తీసి, ఫోన్ ఛార్జర్ గుచ్చి చూస్తే ఎవరికైనా తెలిసిపోయే సంగతి. ఇక రెండోది చోటు. ఆ ప్యానెల్‌ను ఉదయం పదకొండింటికి వీధిలో ఎండలో పట్టుకుని కొలిస్తే 90 మిల్లీఆంపియర్లు ఇచ్చింది. అదే ఎండలో కారు అద్దం వెనక డ్యాష్‌బోర్డు మీద పెడితే 40. పోర్టికో నీడలో ఉన్న కారులో పెడితే 3. మూడు మిల్లీఆంపియర్లు! మన కంటికి పోర్టికోలో వెలుతురు బాగానే ఉన్నట్టుంటుంది, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది. ప్యానెల్ సర్దుకోదు. ఎంత ఎండ పడితే అంత కరెంటు, అంతే.

కారును ఎండలో పెట్టి, సాకెట్‌కు నేరుగా వైరు లాగినా ఈ బుల్లి ప్యానెల్ రోజుకు 0.2 ఆంపియర్-గంట మించి ఇవ్వదు. కావలసింది 1.6. తక్కువ లీకున్న పాత స్కూటర్‌కైతే చాలేమో.

అసలు ప్యానెలే ఎందుకు అని కూడా ఆలోచించాం. ఖర్చు లేని దారి, నెగటివ్ టెర్మినల్ విప్పేయడం. రెండు, మూడు నెలలకైతే నేను ఇప్పటికీ అదే చెబుతాను. కానీ ఆరు నెలలంటే లీకు ఆగినా బ్యాటరీ తనంత తాను సగం దిగిపోతుంది, ఆ సగంలోనే సల్ఫేట్ పట్టేస్తుంది. ట్రాకర్ కూడా ఆగిపోతుంది. రెండో దారి, కరెంటు ప్లగ్గుకు పెట్టే ఫ్లోట్ ఛార్జర్, బ్యాటరీ నిండాక అలాగే నిండుగా ఉంచేది. అది మంచి వస్తువే. అయితే ఊరెళ్లేటప్పుడు మాస్టారు ఇంటి మెయిన్ ఆపేసి వెళ్తారు. నలభై ఏళ్ల అలవాటు. తాళం వేసిన ఇంట్లో ఛార్జరు వెలుగుతూ ఉంటే అమెరికాలో ఆయనకు నిద్ర పట్టదు. కాబట్టి డాబా మీద ప్యానెల్.

ఎంత పెద్దది? 12 వోల్టుల ప్యానెల్ అని అమ్మేదాంట్లో 36 సెల్లులు వరసగా ఉంటాయి. ఏమీ తగిలించకపోతే 21 వోల్టుల పైన చూపిస్తుంది, పనిచేసేటప్పుడు 18 దగ్గర. మన ఎండలో ప్యానెల్ వీపు 60 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు 18 కాస్తా 15న్నరకు పడుతుంది. అయినా బ్యాటరీకి కావలసిన 13న్నర కంటే ఎక్కువే కాబట్టి మనకొచ్చే కరెంటు పెద్దగా తగ్గదు. 10 వాట్లదైతే దాదాపు 0.55 ఆంపియర్. ఏడాది సగటున మనకు రోజుకు ఐదు గంటల నిండు ఎండ లెక్క. దుమ్ము, వాలు, మబ్బు తీసేస్తే నాలుగనుకోండి. 2.2 వస్తుంది. అందులో, ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జిని అదుపు చేసే కంట్రోలర్ తను బతకడానికి 10 మిల్లీఆంపియర్లు తింటుంది, రోజుకు పావు ఆంపియర్-గంట. బ్యాటరీలోకి వెళ్లినదంతా నిలవదు, పదో వంతు పోతుంది. చివరికి 1.7 మిగులుతుంది, కావలసింది 1.6. మాస్టారు పెన్సిల్ కింద పెట్టి "అబ్బాయ్, ఇది 35 మార్కులకు పాసవడం లాంటిది. శ్రావణంలో తప్పుతుంది" అన్నారు. 20 వాట్లది తీసుకున్నాం.

20 వాట్లంటే ఒక ఆంపియర్ పైన. 35 ఏహెచ్‌కు అది మూడు శాతం. ప్యానెల్ కరెంటు బ్యాటరీ సైజులో ఒక శాతం లోపుంటే కంట్రోలర్ లేకుండా, రాత్రిపూట వెనక్కు పారకుండా ఒక డయోడ్ పెట్టి వదిలేయొచ్చు. మూడు శాతానికి కంట్రోలర్ తప్పదు. లేకపోతే ఎండాకాలం పగలంతా బ్యాటరీని 15 వోల్టులకు ఎక్కించి నీళ్లు ఆవిరి చేసేస్తుంది. మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్ చాలు, దీనికి ఖరీదైనది అక్కర్లేదు. ప్యానెల్, కంట్రోలర్, వైరు, ఫ్యూజు, పైపులు అన్నీ కలిపి మూడు వేలు దాటి కొంచెం అయింది.

బిగింపు, నా పొరపాటు

2024 సంక్రాంతికి ముందు బిగించాను. ప్యానెల్ డాబా పిట్టగోడ మీద, దక్షిణానికి వాలుగా. మన ఊరి అక్షాంశం దాదాపు 17 డిగ్రీలు, వాలూ అంతే. అడుగు పైచిలుకు వెడల్పున్న ప్యానెల్‌కు ఉత్తరపు అంచు కింద పది సెంటీమీటర్లు ఎత్తు పెడితే వచ్చేస్తుంది. అక్కణ్ణుంచి 12 మీటర్లు ఒకటిన్నర చదరపు ఎమ్మెమ్ రాగి వైరు, పీవీసీ పైపులో పోర్టికో గోడ దాకా.

కంట్రోలర్‌ను డాబా మీద పెట్టకుండా కారు పక్కనే, నీడలో గోడకు బిగించాను. పైనుంచి వచ్చే పొడుగు వైరులో మూడో వంతు వోల్టు పోయినా బెంగలేదు, ప్యానెల్ వైపు వోల్టులు మిగులున్నాయి. కంట్రోలర్ నుంచి బ్యాటరీ దాకా ఉన్న వైరులో పోకూడదు. కంట్రోలర్ తన కాళ్ల దగ్గర కొలిచేదాన్నే బ్యాటరీ వోల్టేజి అనుకుంటుంది మరి. అక్కడ రెండు మీటర్లే ఉంచాను. బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలో 3 ఆంపియర్ల ఫ్యూజు. ముందు గ్రిల్ లోంచి బయటికి వేలాడే ప్లగ్గు, లాగితే ఊడొచ్చేది. ఈ చవక కంట్రోలర్లలో చాలావాటికి పాజిటివ్ ఒక్కటే ఉమ్మడి, ప్యానెల్ నెగటివ్ వేరు, బ్యాటరీ నెగటివ్ వేరు. అందుకని ప్యానెల్ నెగటివ్‌ను కారు బాడీకి ఎక్కడా తగలనివ్వకూడదు.

పొరపాటు ప్యానెల్ చోటులో జరిగింది. నేను బిగించింది పదకొండింటికి. ఎండ దంచుతోంది, మీటర్లో 1.05 ఆంపియర్లు. సంతోషంగా వచ్చేశాను. వారం తరవాత మధ్యాహ్నం రెండింటికి అటు వెళ్తూ ఆగి చూస్తే 0.15. పక్కింటి కొబ్బరిచెట్టు మట్ట నీడ ఒకటి ప్యానెల్ మీద సన్నగా పడుతోంది, బెత్తెడు వెడల్పు ఉంటుందేమో. 36 సెల్లులూ వరసలో ఉంటాయి కాబట్టి ఒక్కదాని మీద నీడ పడినా మిగతా అన్నిటి కరెంటుకూ అదే అడ్డు. ప్యానెల్‌లో పదోవంతు నీడపడితే పదోవంతే తగ్గుతుందనుకుంటాం. దాదాపు ఉన్నదంతా పోతుంది. మెట్ల గది పైకి మార్చాను. అప్పటినుంచి ఎవరింట్లో బిగించినా ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి వెళ్లి నీడ చూశాకే మేకు కొడుతున్నాను.

వాళ్లు ఊళ్లో లేని ఐదున్నర నెలలు

ఫిబ్రవరిలో ఇద్దరూ డాలస్ వెళ్లారు. తాళాలు పైవాటాలో అద్దెకున్నవాళ్ల దగ్గర పెట్టారు. ఆరు వారాలకోసారి నేను వెళ్లి చూడాలని ఒప్పందం. మార్చిలో అంతా బాగుంది. తెల్లవారుజామున, ఎండ రాకముందు, 12.56 వోల్టులు.

మే మొదట్లో మూతలు విప్పితే రెండు సెల్లుల్లో యాసిడ్ ప్లేట్ల అంచుదాకా దిగి ఉంది. తప్పు నాదే. కంట్రోలర్ ఫ్యాక్టరీ నుంచి 13.7 వోల్టుల ఫ్లోట్‌తో (నిండిన బ్యాటరీని నిలిపి ఉంచే వోల్టేజి) వచ్చింది, నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ అంకె 25 డిగ్రీల గదికి. 12 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి 18 నుంచి 24 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. మే నెలలో మా పోర్టికో 42 డిగ్రీలు. 17 డిగ్రీలు ఎక్కువ, అంటే మూడో వంతు వోల్టు తగ్గాలి. డిస్టిల్డ్ వాటర్ పోసి, ఫ్లోట్ 13.4కి దించాను. వేడిని బట్టి తనే తగ్గించుకునే కంట్రోలర్లూ ఉన్నాయి. అవి దొరక్కపోతే ఉగాదికి దించండి, దీపావళికి పెంచండి. నేను అలాగే గుర్తుపెట్టుకున్నాను.

జూన్ మూడో వారంలో రాత్రి పదింటికి ఫోన్, డాలస్ నుంచి కొడుకు. "అన్నా, ఒక డౌటు. ట్రాకర్ యాప్‌లో కారు బ్యాటరీ వోల్టులు కూడా కనబడతాయి. రోజూ మీ మధ్యాహ్నం టైముకు 13.4 చూపించేది. మూడు రోజులనుంచి పగలూ రాత్రీ 12.5 మీదే ఉంది. నాన్నకు చెప్పలేదు, కంగారుపడతారని." మర్నాడు పొద్దున్నే వెళ్లాను. కంట్రోలర్ బ్యాటరీ లేదంటోంది. 3 ఆంపియర్ల ఫ్యూజు ఎగిరిపోయి ఉంది. బ్యాటరీ పళ్లెం కింద నా పాజిటివ్ వైరును ఎలుక కొరికేసింది, లోపలి రాగి కారు బాడీకి ఆనుకుని ఉంది.

దీన్ని కొంచెం ఊహించుకోండి. కారు బ్యాటరీ షార్టయితే వందల ఆంపియర్లు వదులుతుంది. ఆ ఒకటిన్నర ఎమ్మెమ్ వైరు క్షణాల్లో ఎర్రగా కాలి, దాని తొడుగు అంటుకుని, పైన బానెట్ కింది గుడ్డ, పక్కన పెట్రోల్ పైపు. ఇంటికి తాళం. పైవాటాలో చిన్నపిల్లలున్న కుటుంబం. పది రూపాయల ఫ్యూజు ఆపింది. అదీ బ్యాటరీకి జానెడు దూరంలో ఉంది కాబట్టి ఆపింది. చాలామంది ఫ్యూజును కంట్రోలర్ పక్కన, కంటికి కనబడేచోట పెడతారు. అక్కడ పెట్టి ఉంటే కొరికిన చోటుకూ బ్యాటరీకీ మధ్య ఏ అడ్డూ ఉండేది కాదు. ప్యానెల్ ఇచ్చేది ఒక్క ఆంపియరే కదా, ఫ్యూజెందుకు అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఫ్యూజు ప్యానెల్ కోసం కాదు, బ్యాటరీ కోసం. వైరు మార్చి, బానెట్ లోపలంతా ముడతల గొట్టంలో దూర్చాను.

ఆ ట్రాకర్‌నే మొదటిరోజు కరెంటు తింటోందని పట్టుకున్నాను. జబ్బును ముందుగా చెప్పిందీ అదే. ఆ అబ్బాయి ఇప్పటికీ నెలకోసారి స్క్రీన్‌షాట్ పంపుతాడు.

జులై ఆఖర్న వాళ్లు తిరిగొచ్చారు. రైలు దిగి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే మాస్టారు తాళం తిప్పారు. నేను పక్కనే మీటరు పట్టుకుని ఉన్నాను. సెల్ఫ్ కొట్టేముందు 12.58, కొట్టేటప్పుడు 10.3. మొదటి తిప్పుకే అందుకుంది. అమ్మగారు అరుగు మీదనుంచి "ఈసారి తోసేవాళ్లను పిలవక్కర్లేదన్నమాట బాబూ" అన్నారు. హైడ్రోమీటర్‌లో ఐదు సెల్లులు 1.245 దగ్గరికి వచ్చాయి. ఆ బలహీనమైన సెల్లు 1.225. మెల్లగా, నెలల తరబడి, నిండా ఉంచితే మెత్తని సల్ఫేట్ కొంత కరిగింది. గట్టిపడింది మాత్రం రాలేదు.

అసలు పరీక్ష సెప్టెంబర్ మొదట్లో వచ్చింది. విజయవాడలో బుడమేరు పొంగిన రోజులు. మాకూ ఐదు రోజులు ఎండ మొహం కనబడలేదు. కారు కదల్లేదు. రోజూ ఉదయం ఆరింటికి మాస్టారే కొలిచి నాకు వాట్సాప్ చేశారు. 12.58తో మొదలై ఐదోరోజుకు 12.43. రోజుకు ఒక ఆంపియర్-గంట చొప్పున అప్పు పడిందని ఆయన లెక్క. ఎండ వచ్చిన మూడో రోజుకు తీరిపోయింది. 10 వాట్లది పెట్టి ఉంటే అది తీరడానికి ఎన్ని రోజులు పట్టేదో కూడా లెక్కగట్టి పంపారు.

కారు తీసేటప్పుడు ఒక క్రమం ఉంది. ముందు ప్యానెల్ స్విచ్ ఆపాలి, తరవాత బ్యాటరీ ప్లగ్గు లాగాలి. తిరిగొచ్చాక ముందు బ్యాటరీ, తరవాత ప్యానెల్. అందుకోసం ప్యానెల్ వైరులో ఒక మామూలు 6 ఆంపియర్ల స్విచ్ పెట్టాను (ఒక ఆంపియర్, 20 వోల్టులకు అది ఆగుతుంది, ఇళ్లమీది పెద్ద ప్యానెళ్లకు ఎవరూ ఇలా చేయకండి). ఒకసారి మాస్టారు మరిచిపోయి కారు వెనక్కు తీశారు. ప్లగ్గు ఊడింది, వైరు తెగలేదు. కానీ బ్యాటరీ లేకుండా 21 వోల్టులు మీదపడేసరికి కంట్రోలర్ బిగుసుకుపోయింది. అన్నీ విప్పి మళ్లీ వరసగా తగిలిస్తే లేచింది. ఆ రోజునుంచి ప్లగ్గు పెట్టినప్పుడల్లా అమ్మగారు స్టీరింగ్‌కు ఒక ఎర్ర గుడ్డపేలిక కడుతున్నారు. గుడ్డ విప్పకుండా కారు తిప్పలేరు. నేను ఇప్పుడు మిగతావాళ్లకూ ఆ పేలికే కట్టిస్తున్నాను.

ఇదే పని కొత్త కార్లకు చేయబోయేవాళ్లకు ఒక జాగ్రత్త. సిగ్నల్ దగ్గర తనే ఆగి తనే స్టార్టయ్యే కార్లలో నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. వచ్చే, పోయే కరెంటును అది లెక్కపెట్టుకుంటుంది. మీ వైరు నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు తగిలిస్తే ఆ లెక్క తప్పుతుంది. బాడీకి తగిలించాలి. ఆ బ్యాటరీల రకం వేరు, కాబట్టి కంట్రోలర్‌లో రకాన్ని చూసి పెట్టుకోవాలి. ఏ బ్యాటరీ దగ్గరైనా చివరి కనెక్షన్ టెర్మినల్ మీద కాకుండా దూరంగా చేయండి. ఛార్జవుతున్న బ్యాటరీ మీద హైడ్రోజన్ ఉంటుంది, నిప్పురవ్వ చాలు.

2025 నవంబర్‌లో చివరిసారి చూశాను. బ్యాటరీకి మూడేళ్ల ఎనిమిది నెలలు. ఐదు సెల్లులు 1.240, ఆరోది 1.210. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.0. ఆ ఆరో సెల్లు వచ్చే ఎండాకాలం దాటుతుందని నేను అనుకోవడం లేదు. ఫిబ్రవరిలో వాళ్లు మళ్లీ వెళ్తున్నారు, వెళ్లేముందే మార్చేద్దామని చెప్పాను. మాస్టారు డైరీలో తేదీ రాసుకున్నారు. ఫ్లోట్ 13.7కి పెంచి, ప్యానెల్ మీద దుమ్ము తడిగుడ్డతో తుడిచి, నీళ్లు చూసి వచ్చాను.